ఎయిర్‌బ్యాగ్ చేసింది తకాటా, పేరు పోయింది హోండాకి: ఇది న్యాయమేనా?

పాతకారు:
నిన్న ఇంకో చర్చలో ఒకాయన "పాపం, హోండాని తకాటా ముంచింది" అని రాశారు. నేను ఒప్పుకోను. తెలియనివాళ్ల కోసం రెండు ముక్కలు: తకాటా జపాన్ కంపెనీ. హోండాతో సహా చాలా కార్ల కంపెనీలకు ఎయిర్‌బ్యాగ్‌లు చేసిచ్చేది. బ్యాగ్‌ని ఉబ్బించే ఇన్‌ఫ్లేటర్‌లో అమ్మోనియం నైట్రేట్ వాడింది. ఏళ్ల తరబడి వేడి, తేమ తగిలితే ఆ మందు పాడవుతుంది. కారు గుద్దుకున్నప్పుడు మరీ ఉధృతంగా మండి, లోహపు డబ్బానే పగలగొడుతుంది. ఆ ముక్కలు నడిపేవాళ్ల మెడలో, మొహంలో దిగాయి. ఒక్క అమెరికాలోనే దాదాపు 6.7 కోట్ల ఇన్‌ఫ్లేటర్లు రీకాల్ అయ్యాయి, అంటే కార్లు వెనక్కి పిలిపించి మార్చాల్సి వచ్చింది. కొన్నవాడు తకాటాని చూసి కొనలేదు, హోండాని చూసి కొన్నాడు. జవాబు కూడా హోండాయే చెప్పాలి.

గోంగూర:
చెప్పడం తేలికేనండీ. నేను గుంటూరులో పచ్చళ్లు చేసి ఊళ్లకు పంపుతాను. పోయిన వేసవిలో ఒక సరుకు మూతలు లోపలి పొర సరిగా అతకకుండా వచ్చాయి. చేత్తో బిగిస్తే గట్టిగానే ఉన్నాయి. కొరియర్‌లో పడుకోబెట్టేసరికి నూనె మొత్తం కారింది. ఒకావిడ అట్టపెట్టె ఫోటో పెట్టారు, పేపరంతా ఎర్రగా తడిసిపోయి. కింద 40 మంది కామెంట్లు. మూత ఎవరు చేశారని ఒక్కరంటే ఒక్కరు అడగలేదు. అందరూ నా పేరే తిట్టారు. మూతలమ్మినాయన మాత్రం హాయిగా ఉన్నాడు. తకాటా పరీక్షల లెక్కలే మార్చి చూపించిందని హోండాయే 2015 నవంబరులో చెప్పింది కదా. అబద్ధం కాగితం చేతిలో పెడితే కొనేవాళ్లేం చేస్తారు? ప్రతి ఇన్‌ఫ్లేటర్‌నీ కోసి చూస్తారా?

విశాఖవాసి:
వేడి, తేమ అంటే మన సముద్రతీరమే. పాత కారున్నవాళ్లు ముందు ఛాసిస్ నంబరుతో రీకాల్ ఉందేమో చూసుకోండి. వాదన తర్వాత.

పాతకారు:
గోంగూర గారూ, కోసి చూడక్కర్లేదు. 2004లోనే అమెరికాలోని అలబామాలో ఒక హోండా అకార్డ్ కారులో ఇన్‌ఫ్లేటర్ పగిలింది. మొదటి రీకాల్ 2008లో, అదీ దాదాపు 4,000 కార్లకే. ఆ నాలుగేళ్లూ ఏమైంది? పైగా మరణాలు, గాయాల మీద వచ్చిన 1,729 ఫిర్యాదులూ, కొన్ని వారంటీ క్లెయిములూ ప్రభుత్వానికి చెప్పలేదని 2015 జనవరిలో హోండాకి మొత్తం 7 కోట్ల డాలర్ల జరిమానా పడింది. అది కూడా తకాటా చేయించిందా?

సుబ్బు:
ఆ 1,729లో ఎయిర్‌బ్యాగ్ పగిలినవి కొన్నే. అన్నీ కలిపేయకండి.

పాతకారు:
కొన్నే కావచ్చు. దాచిన అలవాటు గురించి అంటున్నాను.

గోంగూర:
మళ్లీ అదే. నేనడిగింది ఒక్కటే: కోసి చూడగలరా, లేదా? సప్లయర్లంతా ఇంతేనండీ. శాంపిల్ ఒకటి, లారీలో దిగేది ఇంకొకటి.

లేత్‌మెషీన్:
ఇప్పటిదాకా చదువుతూ ఊరుకున్నాను. "అంతా ఇంతే" అన్నాక ఊరుకోలేను. బాలానగర్‌లో 19 ఏళ్లుగా విడిభాగాలు చేసిస్తున్నాను. ప్రతి ఏప్రిల్‌కీ ఫోన్ వస్తుంది: "ఈసారి 5 శాతం తగ్గించాలి." ఇనుము రేటు పెరిగిందంటే వినరు. డబ్బు 90 రోజులకు ఇస్తారు, అదీ అడగ్గా అడగ్గా. ముక్క పాడైతే మాత్రం ఫోటో తీసి గంటలో పంపుతారు. తకాటా చేసింది నేరమే. 2017లో ఒప్పుకుంది, వంద కోట్ల డాలర్లు కట్టమన్నారు, ఆ ఏడాది జూన్‌లోనే దివాలా తీసింది. కానీ ఆ మందు ఎందుకు వాడారు? చవక. 1990ల చివర్లో జనరల్ మోటార్స్ అదే చవక రకం చేసిమ్మని ఆటోలివ్ అనే ఇంకో ఎయిర్‌బ్యాగ్ కంపెనీని అడిగితే, ప్రమాదమని వాళ్లు కాదన్నారని న్యూయార్క్ టైమ్స్ 2016లో రాసింది. కాదన్నవాడికి ఆర్డర్ పోయింది. ఔనన్నవాడికి వచ్చింది. దాని గురించి ఇక్కడ ఒక్కరూ మాట్లాడరేం?

గోంగూర:
నేనెవరినీ పిండలేదు. మీ కోపం నామీద చూపకండి.

లేత్‌మెషీన్:
అమ్మా, కోపంగా కాదు, తెలుసుకోవాలనే అడుగుతున్నాను. ఆ మూతలు ఎంతకు కొన్నారు? అంతకుముందు కొన్నవి ఎంత?

పాతకారు:
అది అడగడం న్యాయం కాదేమో. ఆవిడది చిన్న వ్యాపారం.

గోంగూర:
పర్లేదు, చెప్తాను. ముందు విజయవాడ ఆయన దగ్గర రెండున్నర. ఇవి రూపాయి ఎనభై. పది వేల మూతల మీద 7,000 మిగిలిందనుకున్నాను. విజయవాడ ఆయన అప్పుడే అన్నారు, "ఆ రేటుకి లోపలి పొర మంచిది రాదమ్మా" అని. బేరం కోసం అంటున్నాడనుకున్నాను. సీసాలు నింపాక ఒక్కటైనా తలకిందులుగా పెట్టి రాత్రంతా ఉంచి చూసుంటే తెలిసేది. మావారు చూద్దామన్నారు. ఆర్డర్లు ఎక్కువున్నాయని నేనే వద్దన్నాను.

లేత్‌మెషీన్:
ఇప్పుడు ఎవరి దగ్గర కొంటున్నారు?

గోంగూర:
మళ్లీ విజయవాడే. ఇప్పుడు రెండూ డెబ్బై అయింది. ఆ ఫోటో పెట్టినావిడ మాత్రం మళ్లీ ఆర్డర్ ఇవ్వలేదు.