"ఊరి బీదతనం చదవడానికి అంత దూరం దేనికి?" – అంతర్జాతీయ అభివృద్ధి ఎం.ఏ. గురించి సలహా కావాలి

వెలిగొండ

అందరికీ నమస్కారం. మాది మార్కాపురం దగ్గర పల్లెటూరు. బి.ఏ. ఎకనామిక్స్ చదివాను. పద్నాలుగు నెలలుగా ఒక స్వచ్ఛంద సంస్థలో క్షేత్ర కార్యకర్తగా పనిచేస్తున్నాను. పొదుపు సంఘాల సమావేశాలకు వెళ్లడం, పుస్తకాలు సరిచూడడం, నెలాఖరుకు నివేదిక రాయడం నా పని.

ఇంగ్లండులోని ఒక విశ్వవిద్యాలయంలో అంతర్జాతీయ అభివృద్ధి ఎం.ఏ.లో సీటు వచ్చింది. ఏడాది కోర్సు. ఫీజు, గది అద్దె, తిండి, ప్రయాణం అన్నీ కలిపి 34 లక్షలు అవుతుందని లెక్క తేలింది. స్కాలర్‌షిప్ రాలేదు. మా మూడున్నర ఎకరాలు తాకట్టు పెడితే అప్పు ఇస్తామని బ్యాంకువాళ్లు అంటున్నారు.

నాన్న సంతకం పెట్టనని అనలేదు. ఒక్క మాట మాత్రం అడిగారు. "మన ఊరి బీదతనం గురించి చదవడానికి అంత దూరం దేనికిరా?" వారం రోజులుగా ఆలోచిస్తున్నాను, ఆయనకు చెప్పదగ్గ జవాబు దొరకలేదు. అక్కడ నిజంగా ఏం నేర్పుతారు? ఆ తర్వాత పని దొరుకుతుందా? ఈ చదువు చదివినవారు దయచేసి చెప్పండి.

సముద్రతీరం

డబ్బు సంగతి నేను చెబుతాను. నేను నెదర్లాండ్స్‌లోని హేగ్ నగరంలో, 1952లో మొదలైన అభివృద్ధి అధ్యయనాల సంస్థ ఐఎస్‌ఎస్‌లో ఇదే చదువు చదివాను. తర్వాత ఒక అంతర్జాతీయ సంస్థలో మూడేళ్లు పనిచేశాను. నిరుడు నిధులు ఆగిపోవడంతో మా విభాగం మొత్తాన్ని ఒకే వారంలో ఇంటికి పంపారు.

ఇది నా ఒక్కడి కథ కాదు. అమెరికా ప్రభుత్వ సహాయ సంస్థ యూఎస్‌ఎయిడ్ 2025 జులై 1తో మూతపడింది. బ్రిటన్ విదేశీ సహాయాన్ని జాతీయాదాయంలో 0.7 శాతం నుంచి 2021లో 0.5కి తగ్గించింది, 2027 నాటికి 0.3కి తెస్తామని ప్రకటించింది. అనుభవం ఉన్న వేలమంది ఇప్పుడు ఉద్యోగాలు వెతుక్కుంటున్నారు. కొత్తగా పట్టా తీసుకున్నవారు వాళ్లందరితో పోటీ పడాలి. చదువయ్యాక బ్రిటన్‌లో ఉండి పని వెతుక్కోవడానికి ఇన్నాళ్లూ రెండేళ్ల వీసా ఇచ్చేవారు. 2027 జనవరి నుంచి దరఖాస్తు చేసేవారికి అది 18 నెలలే.

మన దేశంలో పని ఉంది. కాకపోతే అది విదేశీ సాయం మీద నడిచే పని కాదు. మన దేశానికి సంప్రదాయ ఆర్థిక సాయాన్ని బ్రిటన్ 2015లోనే ముగించింది. 2013 కంపెనీల చట్టం ప్రకారం పెద్ద కంపెనీలు లాభాల్లో రెండు శాతం సామాజిక బాధ్యత కింద ఖర్చు పెట్టాలి. ఇప్పుడు చాలా ఉద్యోగాలు ఆ డబ్బుతో నడుస్తున్నాయి. ఆ జీతాలతో 34 లక్షల అప్పు తీరడానికి ఎన్నేళ్లు పడుతుందో మీ బ్యాంకు వడ్డీతో కట్టి చూసుకోండి. లెక్క కట్టాకే సంతకం సంగతి.

సీతాఫలం

తమ్ముడూ, పైన చెప్పిన లెక్కలన్నీ నిజమే. కానీ మీ నాన్నగారి ప్రశ్నకు అందులో జవాబు లేదు. నేను అక్కడి నుంచే మొదలుపెడతాను, ఎందుకంటే ఆ ప్రశ్న నాకూ ఎదురైంది.

మాది కల్వకుర్తి వైపు. నా చిన్నతనంలో మా నాన్న ఏడాదికి ఎనిమిది నెలలు ఊళ్లో ఉండేవాడు కాదు. దసరా వెళ్లగానే గుంపు మేస్త్రీ వచ్చి అడ్వాన్సు చేతిలో పెట్టేవాడు. మళ్లీ మృగశిర కార్తె నాటికే నాన్న ఇంటికి రావడం. కాలువలు, డ్యాములు, రోడ్లు, ఎక్కడ మట్టి తవ్వాలంటే అక్కడికి వెళ్లేవాడు. 'పాలమూరు లేబర్' అన్న మాట మీరు వినే ఉంటారు. ఆ మాటలో మా నాన్న ఉన్నాడు.

2016లో స్కాలర్‌షిప్ మీద బ్రైటన్ వెళ్లాను. సస్సెక్స్ విశ్వవిద్యాలయం ఆవరణలోనే 1966లో స్థాపించిన అభివృద్ధి అధ్యయనాల సంస్థ ఉంది. రెండో టర్ములో పేదరికాన్ని ఎలా కొలుస్తారన్న పాఠం వచ్చింది. చదవమని ఇచ్చిన వ్యాసాల్లో ఒకటి 1994 నాటిది. ఒక ఇంటికి రాబడి పడిపోయిన ఏడాది ఆ ఇంటి తిండి ఎంత తగ్గుతుంది, ఊళ్లోవాళ్లు ఒకరినొకరు ఎంతవరకు ఆదుకుంటారు అన్నది దాని విషయం. లెక్కలు మూడు భారతీయ గ్రామాలవి. షిరాపూర్, కంజారా, ఔరేపల్లె. మొదటి రెండూ మహారాష్ట్రవని తెలిసింది. మూడోది ఎక్కడో తెలియక రెండు పేజీలు అలాగే చదివాను. తర్వాత మహబూబ్‌నగర్ జిల్లా అని కనిపించింది. ఆ ఇంగ్లిషు అక్షరాలను పైకి పలికి చూసుకున్నాను. అది అవురుపల్లి. మాడ్గుల దగ్గరి అవురుపల్లి! మా మేనత్తను ఇచ్చిన ఊరు అక్కడికి ఎంతో దూరం లేదు. బస్సులో ఆ వైపు ఎన్నిసార్లు పోయామో లెక్కలేదు.

పటాన్‌చెరులోని అంతర్జాతీయ మెట్టపంటల పరిశోధన సంస్థ ఇక్రిశాట్ 1975లోనే ఆ ఊళ్లో ఇంటింటి లెక్కలు రాయడం మొదలుపెట్టింది. ఎవరికి ఎంత భూమి, ఎవరు కల్లు గీస్తారు, ఏ ఇంట్లో ఏం తిన్నారు, ఏం కొన్నారు అన్నీ రాసుకున్నారు. ప్రపంచంలో ఎక్కడెక్కడి ఆర్థికవేత్తలో ఆ లెక్కల మీద పని చేశారు. మా వైపు పుట్టి పెరిగిన నాకు ఆ సంగతి సముద్రాలు దాటి వెళ్తే కానీ తెలియలేదు. ఆ రాత్రి నిద్ర పట్టలేదు. సంతోషమా, కోపమా అంటే ఇప్పటికీ చెప్పలేను.

ఏం నేర్పుతారని అడిగారు కదా. 1949లో అమెరికా అధ్యక్షుడు ట్రూమన్ చేసిన ప్రసంగం దగ్గర మొదలుపెడతారు. దేశాలన్నీ ఒకే మెట్ల మీదుగా పైకి ఎక్కుతాయన్న సిద్ధాంతం, అది తప్పని లాటిన్ అమెరికా పండితులు చేసిన వాదన, అమర్త్య సేన్ ఆలోచనలు, 1990లో మహబూబ్ ఉల్ హక్ తెచ్చిన మానవాభివృద్ధి సూచిక, పథకం పనిచేసిందో లేదో తేల్చే పద్ధతులు. ఇవన్నీ పుస్తకాల్లో ఉన్నాయి, మార్కాపురంలో కూర్చునీ చదువుకోవచ్చు. పుస్తకంలో దొరకనిది తరగతి గది. నా పక్కన ఒక నేపాలీ అమ్మాయి కూర్చునేది. వాళ్ల ఊళ్లో మగవాళ్లు కతార్‌లో ఉంటారని, పొలం పని అంతా ఆడవాళ్ల మీదే పడిందని, కానీ భూమి కాగితాల మీద ఆ ఆడవాళ్ల పేరు లేదు కాబట్టి బ్యాంకు అప్పు పుట్టదని ఒక రోజు చెప్పింది. మా అమ్మ కథ మరో భాషలో విన్నట్టు అనిపించింది. మన ఊరి గురించి చదవడానికైతే అంత దూరం అక్కర్లేదని మీ నాన్నగారితో నేనూ ఒప్పుకుంటాను. మన ఊరిని ఇంకొకరి ఊరి పక్కన పెట్టి చూసుకోవడానికి మాత్రం ఎక్కడికో ఒకచోటికి వెళ్లాలి.

ఇంకొక సంగతి చెప్పాలి. ఇది చెప్పకపోతే నా మాట సగమే అవుతుంది.

2017 వేసవిలో పరిశోధన పత్రం కోసం మా వైపే ఒక ఊరికి వచ్చాను. నేలమీద ముగ్గుపిండితో గడులు గీసి, ఇరవై చింతగింజలు చేతికిచ్చి, ఇంటి రాబడి దేనినుంచి ఎంత వస్తుందో ఆ ప్రకారం పంచమని అడగడం ఒక పద్ధతి. చదువు రానివారు కూడా తమ లెక్క తామే చూపించగలగాలని ఇలాంటి పద్ధతులు వచ్చాయి. వీటికి పేరు తెచ్చిన రాబర్ట్ చాంబర్స్ 1989 నుంచి రెండేళ్లు మన హైదరాబాద్‌లోనే, అడ్మినిస్ట్రేటివ్ స్టాఫ్ కాలేజీలో ఉన్నారు.

అరవై ఏళ్ల పెద్దమ్మ ఒకామె గడుల ముందు గొంతుకూర్చుంది. పొలం గడిలో రెండు గింజలు పెట్టింది. మేకలకు నాలుగు. ఉపాధి హామీకి మూడు. పింఛనుకు రెండు. మిగిలిన తొమ్మిదింటినీ గుప్పిట్లోనే ఉంచుకుని నా ముఖం చూసింది. "ఇవి పుణెలో ఉన్న నా కొడుకువి. వాడి గడి ఏది బిడ్డా?"

గీయలేదు తమ్ముడూ. ఒకే పొయ్యి మీద వండుకుని తినేవాళ్లే కుటుంబమని, ఆరు నెలలు దాటి ఊళ్లో లేనివాళ్లను లెక్కలోకి తీసుకోవద్దని మా ప్రశ్నావళిలో ఉంది. చాలా సర్వేల్లో ఉండే నియమమే అది. లేకపోతే ఒకే మనిషిని రెండు చోట్ల లెక్కపెట్టే ప్రమాదం ఉంది కాబట్టి దానికి కారణం లేకపోలేదు. కానీ ఏడాదికి ఎనిమిది నెలలు ఇంట్లో లేని తండ్రి పెంచిన కూతుర్ని నేను. ఆ గడి గీయాలని నాకే తోచలేదు. పెద్దమ్మ కాసేపు ఆగి, నా ముగ్గు అంచు బయట వేలితో ఒక సున్నా గీసి, తొమ్మిది గింజలూ అందులో పోసింది. నా పరిశోధన అంతా ఆ సున్నా గురించే రాశాను.

ఇప్పుడు పొలం మాట. స్కాలర్‌షిప్ రాకపోయి ఉంటే నేను వెళ్లేదాన్ని కాదు. మీరూ తాకట్టు పెట్టి వెళ్లవద్దని గట్టిగా చెబుతున్నాను. మీకు ఇప్పటికే పద్నాలుగు నెలల అనుభవం ఉంది. బ్రిటన్ ప్రభుత్వం ఇచ్చే చెవెనింగ్ స్కాలర్‌షిప్‌కు రెండేళ్ల పని అనుభవం, అంటే 2,800 గంటలు అడుగుతారు. చదువయ్యాక రెండేళ్లు స్వదేశంలో ఉండాలన్నది వాళ్ల షరతు. ఫెలిక్స్ స్కాలర్‌షిప్ మన దేశ విద్యార్థులకు ఆక్స్‌ఫర్డ్, లండన్‌లోని సోయాస్, రెడింగ్ విశ్వవిద్యాలయాల్లో ఉంది. బెంగళూరులోని అజీం ప్రేమ్‌జీ విశ్వవిద్యాలయంలో అభివృద్ధి ఎం.ఏ. ఉంది, ఇంటి ఆదాయాన్ని బట్టి ఫీజు తగ్గిస్తారు. ఇప్పుడు వచ్చిన సీటును ఏడాది వాయిదా వేయగలరేమో విశ్వవిద్యాలయానికి రాసి అడగండి.

ఈలోపు మీరు రోజూ చూసే సంఘం పుస్తకాలను మరోసారి తెరవండి. వాటిలో ఏ గడి లేదో, ఉన్న గడిలో ఏది నిజం కాదో వెతకండి. అది దొరికాక వెళితే ఆ ఏడాది మీ చేతిలో ఉంటుంది.

జొన్నచేను

పై అమ్మాయి మాటలు చదివి రాయాలనిపించింది. నేను జహీరాబాద్ ప్రాంతంలో ముప్ఫై ఏళ్లు పల్లెల్లో పనిచేసి విశ్రాంతి తీసుకున్నవాణ్ణి. పట్టాలేమీ లేవు. సర్వేలకు వచ్చినవారికి దారి చూపించడం, వారి ప్రశ్నలను మా ఊరి మాటల్లో అడగడం నా పనిగా ఉండేది.

2001 జూన్ చివర మా దగ్గరి ఆల్గోల్‌లో 'ప్రజాతీర్పు' జరిగింది. అప్పటి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వ ప్రణాళిక విజన్ 2020 సహా, వ్యవసాయం ఎటు పోవాలన్న మూడు దారులను చిన్న, సన్నకారు రైతుల జ్యూరీ ముందు పెట్టారు. జ్యూరీలో ఎక్కువమంది ఆడవాళ్లే. బాబూ, మీరు చదవబోయేలాంటి సంస్థలే, సస్సెక్స్‌లోని సంస్థతో సహా, దాని వెనుక ఉన్నాయి. అధికారులను, శాస్త్రవేత్తలను కూర్చోబెట్టి ఆ తల్లులు రోజుల తరబడి ప్రశ్నలు వేశారు. చివరికి, భూమి మీద బతికేవాళ్లను 70 శాతం నుంచి 40కి తగ్గించే ఆలోచన మాకు వద్దని చెప్పారు. ఆ తీర్పు మరుసటి ఏడాది లండన్ దాకా వెళ్లింది, అక్కడ పెద్ద వాదన కూడా జరిగింది.

నేను అడిగేది ఒకటే. వెళ్లినవాళ్లు రాసినదాన్ని తెలుగులో తెచ్చి ఊళ్లో చదివి వినిపించాలి. నేను దారి చూపించినవారిలో ఇద్దరే మళ్లీ వచ్చారు. వారిలో ఒకరు చదువుతుంటే ఒక రైతు లేచి, "ఆ ఏడు ఎండిపోయింది మా బావి కాదు, మా తమ్ముడిది" అని సరిదిద్దాడు. ఆ దిద్దుబాటు ఆమె పుస్తకంలోకి ఎక్కింది.

వెలిగొండ

అందరికీ కృతజ్ఞతలు. సీతాఫలం అక్కా, మీరు చెప్పినట్టు నిన్న ఆదివారం పుస్తకాలు ముందు వేసుకుని కూర్చున్నాను.

మా పుస్తకంలో 'అప్పు దేని కోసం' అని ఒక గడి ఉంది. ఒకే ఊరి ఆరు సంఘాల్లో గత రెండేళ్ల అప్పులు 63 ఉన్నాయి. వాటిలో 41 చోట్ల ఒకే మాట: 'గేదె'. ఆ గడులు సరిచూసి సంతకం పెట్టినవాణ్ణి నేనే. సాయంత్రం ఆ ఊరికి వెళ్లి పాలకేంద్రం నడిపే ఆయనను అడిగాను. ఊరు మొత్తంలో పాలిచ్చేవీ ఇవ్వనివీ కలిపి పదమూడు గేదెలు ఉన్నాయన్నారు.

రాత్రి అన్నం తింటూ ఈ సంగతి ఇంట్లో చెప్పాను. నాన్న తలెత్తలేదు. అమ్మే చెప్పింది. గేదె అని రాస్తే అప్పు తొందరగా వస్తుందట. ఆస్పత్రి అన్నా, ఫీజు అన్నా సంఘంలో ప్రశ్నలు వస్తాయట. "మన సంఘం పుస్తకంలోనూ చూడు. నీ డిగ్రీ మూడో ఏడాది ఫీజు కూడా గేదే" అంది.

విశ్వవిద్యాలయానికి ఏడాది వాయిదా అడుగుతూ ఈ ఉదయం రాశాను. పొలం కాగితాలు నాన్న మళ్లీ పెట్టెలో పెట్టారు. జొన్నచేను గారూ, ఆ 41 మందిని కలిసి అడగాలనుకుంటున్నాను. అడిగే ముందు వాళ్లకు ఏం చెప్పాలో, పేర్లు బయటికి రాకుండా ఎలా రాసుకోవాలో మీరు చెప్పగలరా? అప్పులు ఆగిపోయేలా నా వల్ల ఎవరికీ కీడు జరగకూడదు.