"నీ బాంచన్": ఆ 'నీ'ని దిద్దొచ్చా?

ప్రశ్న: నిజాం కాలపు తెలంగాణ కథతో రాసిన స్క్రిప్టు ఒకటి దిద్దుతున్నాను. వెట్టి చేసే మల్లయ్య గడీ (దొర ఉండే కోటలాంటి ఇల్లు) ముందు "నీ బాంచన్ దొరా, కాల్మొక్త" అంటాడు. కాళ్లు మొక్కేవాడు దొరను 'నీ' అంటాడా? 'మీ బాంచన్' అని మార్చనా?

— మార్చకండి. బాంచ అంటే దాసి, బానిస. 'బాంచన్' చివరి 'న్' నేను అనే అర్థమిచ్చేది, 'నీ బానిసను' అన్నమాట. అక్కడి పల్లె మాటలో వినయమంతా 'దొరా' అన్న పిలుపులో, వంగిన నడుములో, భుజం మీంచి తీసి చేత్తో పట్టుకున్న తువ్వాలలో ఉంటుంది. బహువచనంతో పనిలేదు. "నువ్వే దిక్కు దొరా" అనేది దేవుణ్ణి పిలిచే 'నువ్వు'. "మీ బాంచనండీ దొరగారూ" అని రాశారో, ఆ 'అండీ'తో మల్లయ్య గోదావరి ఒడ్డుకు చేరిపోతాడు.

— దొర నోటి మాట కూడా చూడండి సార్. పాత్రల పట్టికలో మల్లయ్య అని ఉందని దొర చేత కూడా అలాగే పిలిపిస్తారు చాలామంది. దొరకు వాడు 'మల్లిగాడు', ఎదురుగా ఉంటే 'ఏందిరా మల్లిగా'. భార్య ఎల్లమ్మ 'ఎల్లి' అవుతుంది. ఆడవాళ్ల దగ్గర ఇంకో చిక్కు: 'ఆమె వచ్చింది', 'అది వచ్చింది', క్రియ ఒకటే. చులకనంతా ఆ 'అది' మోయాలి, దాన్ని వదిలేస్తే సీను చప్పబడుతుంది.

— రాజకీయం సంగతి. దొరల మీద, వెట్టి మీద జనాన్ని కూడగట్టిన ఆంధ్ర మహాసభను ఊళ్లలో 'సంఘం' అనేవారు. కడవెండిలో సంఘం మనిషి దొడ్డి కొమరయ్య దొర మనుషుల కాల్పుల్లో చనిపోయింది 1946 జులై 4న. మీ కథ దానికి ముందా, తర్వాతా? మల్లయ్య ఊరికి సంఘం ఎప్పుడొచ్చింది? అది తేల్చుకున్నాకే మాటలు మార్చాలి. సంఘపోళ్లు "మల్లన్నా" అని పిలవడంతోనే సగం పని అయిపోతుంది. మరుసటి సీనులోనే అతని చేత 'దోపిడీ వర్గం' అనిపించకండి, "వెట్టి చెయ్య" అంటే చాలు.

— ఒక్కటి కలుపుతాను. అతని నోట ముందు పోవాల్సింది 'బాంచన్'. 'దొరా' అలవాటు కొద్దీ కొన్నాళ్లుంటుంది. 'నువ్వు' మాత్రం ఉండిపోతుంది. "నువ్వే దిక్కు" అన్నవాడే ఒకనాడు నిటారుగా నిలబడి "నువ్వెవనివి నన్ను అడుగనీకి?" అంటాడు. మొదటి సీనులో 'మీ' అని దిద్దితే ఈ దెబ్బ తగలదు.