‘మగ తల్లి పురుగు’ అనవచ్చునా?

వరి కాండం తొలుచు పురుగు గురించిన ఒక కరపత్రాన్ని సరిచూస్తుండగా ‘లింగాకర్షక బుట్టలలో మగ తల్లి పురుగులు పడతాయి’ అన్న వాక్యం దగ్గర కలం ఆగింది. విషయం నిజమే, ఆ బుట్టలో ఎరగా ఉంచేది ఆడ పురుగు వాసనను పోలినది కనుక దానికి వచ్చేవి మగవే. చిక్కంతా మాటలో ఉంది: రెక్కలు వచ్చిన పెద్ద పురుగును, ఆడదైనా మగదైనా, వ్యవసాయ రాతలలో ‘తల్లి పురుగు’ అనే అంటారు.

మొగి పురుగు, ఊసతిరుగుడు, కాండం తొలుచు పురుగు అనే పేర్లన్నీ పిల్లదశ చేసే నష్టాన్ని బట్టి వచ్చినవే. ఆకు తొడుగు సందున దూరి, కాండం లోపలి భాగాన్ని తినేది ఆ పిల్ల పురుగే. పిలకల దశలో ఎండిన మొవ్వును రెండు వేళ్లతో పట్టి లాగితే ఇట్టే ఊడి వస్తుంది, దాని మొదలు కొరికి ఉంటుంది. ఈనిన తరువాత అయితే కంకి తెల్లగా, తాలుగా, నిటారుగా నిలుస్తుంది. కోశదశకు, అంటే తినక కదలక లోపలే ఉండి రెక్కలు తెచ్చుకునే దశకు, పోయే ముందే ఆ పిల్ల పురుగు కాండానికి బయటి దారి తొలిచి ఉంచుకుంటుంది, ఎందుకంటే రెక్కలు వచ్చాక తొలిచే నోరు ఉండదు.

రెక్కలు వచ్చినది ఏమీ తినదు. పసుపు రంగు ముందు రెక్కల మీద ఒక్కొక్క నల్ల చుక్క ఉండే ఆడది ఆకు కొన దగ్గర గుడ్లను కుప్పగా పెట్టి, తన పొట్ట చివరి నూగుతో వాటిని కప్పుతుంది. నారు కొనలు త్రుంచి నాటమని చెప్పేది ఆ గుడ్లు పొలానికి చేరకుండా ఉండేందుకే. ఇంత జాగ్రత్త చూసిన వారు దానిని ‘తల్లి పురుగు’ అనడంలో ఆశ్చర్యం లేదు. అయితే ఆ పేరును మగదానికి కూడా అంటగట్టడం నాకు సమ్మతం కాదు.

మరి బదులుగా ఏమనాలి? ‘చిమ్మెట’ అంటే బైబిలు అనువాదం చదివినవారికి బట్టలు కొరికేది గుర్తుకు వస్తుంది. ‘శలభం’ మిడతకు కూడా చెల్లుతుంది. గుడ్లు పెట్టే సందర్భంలో ‘తల్లి పురుగు’ అనీ, ఆడ మగ రెంటికీ కలిపి ‘రెక్కల పురుగు’ అనీ వ్రాయడం మేలని నా అభిప్రాయం. వరి రసం పీల్చే సుడిదోమకు మాత్రం రెక్కలు లేవా అని ఎవరైనా అడగవచ్చు. కాని రైతు దానిని దోమ అంటాడే తప్ప పురుగు అనడు.