అమెరికా, ఫ్రాన్స్ సేనలు బ్రిటిష్ సైన్యాన్ని లొంగదీసిన యార్క్‌టౌన్ గెలుపులో స్పెయిన్ వాళ్ల వాటా ఎంత?

గల్ఫ్‌గాలి: ఇక్కడ టెక్సస్‌లో మా అమ్మాయి అమెరికా స్వాతంత్ర్య పోరాటం ప్రాజెక్టులో బెర్నార్డో దె గాల్వెజ్ గురించి రాస్తే, టీచర్ "అసలు టాపిక్ కాదు" అని మార్కులు కోసింది. అప్పట్లో స్పెయిన్ చేతిలో ఉన్న లూసియానాకి గవర్నర్‌గా 1779లో బాటన్ రూజ్, 1780లో మొబీల్, 1781 మేలో పెన్సకోలా బ్రిటిష్ వాళ్ల దగ్గర లాక్కున్నాడాయన. ఇంకేం చేయాలి?

పాతచింత: లాక్కున్నది ఎవరి కోసమండీ? స్పెయిన్ 1779లో ఒప్పందం చేసుకుంది ఫ్రాన్స్‌తో. దాని కన్ను బ్రిటిష్ వాళ్ల చేతిలో ఉన్న జిబ్రాల్టర్ మీద, ఫ్లోరిడా మీద. అమెరికా రాయబారి జాన్ జే మాడ్రిడ్‌లో రెండేళ్లు పడిగాపులు పడ్డా అమెరికాను గుర్తించలేదు. 1784లో మిసిసిపీ నదిలో అమెరికన్ పడవలు తిరగకుండా చేశారు.

గల్ఫ్‌గాలి: ఫ్రాన్స్ రాజు మాత్రం అమెరికాకి సాయంగా పుణ్యానికొచ్చాడా? 1781 ఆగస్టులో ఫ్రెంచ్ అడ్మిరల్ ద గ్రాస్ డబ్బుకి కటకటలాడుతుంటే స్పెయిన్ పాలనలోని హవానాలో (క్యూబా) 5 లక్షల పెసోలు (స్పెయిన్ వెండి నాణేలు) గంటల్లో పోగుచేసిచ్చారు. యార్క్‌టౌన్‌కి సముద్రం దారి మూసింది ఆయన ఓడలే.

కాఫీరాయుడు: హవానా ఆడవాళ్లు వజ్రాలు ఒలిచి ఇచ్చారట కదా!

పాతచింత: వజ్రాల కథకి ఆధారం లేదు. ఇలాంటివి చేర్చే చరిత్రని పాడుచేస్తారు.

గల్ఫ్‌గాలి: వజ్రాల మాట నేనన్నానా? నా పెసోలకి జవాబేది? మా వాళ్ల పిల్లలు ఏం రాసినా కొట్టిపారేయడం మీకూ అలవాటైనట్టుంది.

పాతచింత: పిల్లని లాగకండి. నాకు మంట ఎక్కడో చెప్తా. టెక్సస్‌లో శాన్ ఆంటోనియో నది ఒడ్డు పశువుల రాంచ్‌ల నుంచి గాల్వెజ్ సైన్యం తిండికి వేల పశువుల్ని లూసియానా దాకా తోలుకెళ్లారు. బాటన్ రూజ్‌కి నడిచినవాళ్లలో నల్లవాళ్లున్నారు, ఆదివాసులున్నారు. వాళ్లలో ఒక్క పేరు చెప్పండి. 2014లో అమెరికా గౌరవ పౌరసత్వం మాత్రం గవర్నరుగారికి!

గల్ఫ్‌గాలి: గవర్నర్ పేరే పాఠంలోకి రానప్పుడు పశువుల కాపరి ఎలా వస్తాడండీ? ముందు ఒక తలుపు తెరవనివ్వండి.

పాతచింత: పెద్దాయన లోపలికి రాగానే ఆ తలుపు మూస్తారు. 7 వేల మందికి పైగా పోరాడి పెన్సకోలా పడగొడితే ఆయన వంశచిహ్నం మీద ఏముంది? "నేనొక్కడినే"!

గల్ఫ్‌గాలి: సందర్భం మింగేయకండి. స్పెయిన్ నౌకాదళం అధికారి పెన్సకోలా అఖాతంలోకి రానని మొండికేస్తే, కొండ మీది బ్రిటిష్ ఫిరంగులు పేలుతుండగా ముందు తన ఓడ నడిపినందుకు రాజు ఇచ్చిన మాట అది.

పాతచింత: ఆ ఓడలో తెరచాప లాగింది కూడా ఆయనేనా?