చివరి రెండు ఎంఓటీల్లో ఒక్క అడ్వైజరీ లేదు, ఈ ఫియెస్టా కొనొచ్చా?

కొత్త_డ్రైవరు:
అందరికీ నమస్కారం. ఇంగ్లండ్‌లో, మిల్టన్ కీన్స్‌లో ఉంటాం. ఆఫీసుకీ పిల్లల బడికీ సెకండ్‌హ్యాండ్ కారు చూస్తూ చివరికి రెండింటి దగ్గర ఆగాం. నంబరు కొట్టి ప్రభుత్వ సైట్‌లో రెండింటి ఎంఓటీ (కారు రోడ్డు మీద తిరగడానికి పనికొస్తుందా అని ఇక్కడ ఏటా చేసే పరీక్ష) చరిత్ర తీశాను.

ఒకటి 2015 జూన్‌లో రిజిస్టరైన ఫోర్డ్ ఫియెస్టా, 1.0 ఎకోబూస్ట్ పెట్రోలు.
2018 జూన్: 31,200 మైళ్లు, పాస్.
2019 జూన్: 41,900, పాస్. ముందు టైర్లు అరిగాయని అడ్వైజరీ (ఫెయిల్ చేయకుండా, కనిపెట్టుకోమని టెస్టర్ రాసే హెచ్చరిక).
2020 డిసెంబరు: 52,300, పాస్.
2021 డిసెంబరు: 55,100, పాస్. ముందు ఎడమవైపు సస్పెన్షన్ ఆర్మ్ బుష్ (ఆర్మ్ కీలు దగ్గరుండే రబ్బరు) అరుగుదల, వెనక బ్రేక్ పైపుకి తుప్పు అని అడ్వైజరీలు.
2022 డిసెంబరు: 57,800, ఫెయిల్. ముందు ఎడమ స్ప్రింగ్ విరిగింది. అదే రోజు పాస్, పాత అడ్వైజరీలు రెండూ మళ్లీ ఉన్నాయి.
2023 డిసెంబరు: 59,900, పాస్, ఏమీ లేవు.
2024 డిసెంబరు: 62,000, పాస్, ఏమీ లేవు.

రెండోది 2013 టయోటా యారిస్ 1.33 పెట్రోలు, 88,000 మైళ్లు. దీనికి దాదాపు ప్రతి ఏడూ ఏదో ఒక అడ్వైజరీ: 2019లో టైర్లు, 2021లో వెనక బ్రేక్ డిస్కులు, 2022 నుంచి వరసగా మూడేళ్లు ఎగ్జాస్ట్‌కి తుప్పు. 2020లో నంబర్ ప్లేట్ లైటు వెలగక ఒకసారి ఫెయిల్. ధరలు ఇంచుమించు ఒకటే.

ఫియెస్టాకి ఏడాదిన్నర ఎంఓటీ లేకపోవడం అనుమానించాల్సిన విషయమా? చివరి రెండూ క్లీన్ కాబట్టి అదే మంచి కారనుకోవచ్చా?

పానా_12:
గ్యాప్ గురించి భయం అక్కర్లేదు. కోవిడ్ సమయంలో, 2020 మార్చి 30 నుంచి జూలై 31 లోపు గడువు తీరే కార్లకు ఆరు నెలలు పొడిగించారు. జూన్ గడువు డిసెంబరుకి వెళ్లింది, అంతే.

నన్ను ఆపేది 2022, 2023 మధ్య జరిగినదే. తుప్పు తనంతట తాను తగ్గదు, అరిగిన బుష్ మళ్లీ బాగవదు. అలాంటి రెండు అడ్వైజరీలు ఒకేసారి మాయమయ్యాయంటే బాగు చేయించి ఉండాలి, లేదా వేరే టెస్టర్ రాయకుండా వదిలేసి ఉండాలి. అడ్వైజరీ రాయడంలో ఒక్కో టెస్టర్‌ది ఒక్కో పద్ధతి. ఫెయిల్ చేయాల్సినంత లేకపోతే కొందరు ఏమీ రాయరు. బాగు చేయిస్తే బిల్లు ఉంటుంది, అడగండి. ఏ షెడ్డులో టెస్టు చేయించారో కూడా తెలుసుకోవచ్చు: లాగ్‌బుక్ (వీ5సీ) మీదున్న 11 అంకెల నంబరు అదే సైట్‌లో కొడితే చోటు చూపిస్తుంది. 2023లో షెడ్డు మారి, బిల్లు కూడా లేకపోతే ఆ తుప్పు ఇంకా అక్కడే ఉందని అనుకోండి. బ్రేక్ పైపు గోడ మందం మూడో వంతు పోతే ఫెయిల్, కాబట్టి ఇది చిన్న విషయం కాదు.

స్ప్రింగ్ విరగడం మాత్రం ఇక్కడ మామూలే, గుంతలూ చలికాలం రోడ్ల మీద చల్లే ఉప్పూ కారణం. కాకపోతే స్ప్రింగులు జతగా మార్చాలి. అదే రోజు పాస్ అయిందంటే ఒక్కటే మార్చి పంపారేమో. ముందు చక్రాల వెనక టార్చి వేసి చూడండి: ఒక స్ప్రింగు నల్లగా నిగనిగలాడుతూ రెండోది తుప్పుతో ఉంటే సంగతి అర్థమైపోతుంది.

యారిస్ చరిత్ర నాకు ఎక్కువ నచ్చింది. 2019లో టైర్లన్నారు, 2020లో ఆ మాట లేదు. 2021లో డిస్కులన్నారు, 2022లో లేదు. చెప్పిన పని చేయించే మనిషి చేతిలో ఉన్న కారు. ఎగ్జాస్ట్ తుప్పు మూడేళ్లుగా అక్కడే ఉందంటే పొగ లీకయ్యేదాకా ఆగుతున్నాడు, అదీ సబబే. ప్లేట్ లైటుకి ఒకసారి ఫెయిలైతే పట్టించుకోకండి. బల్బు, వైపరు, టైరు అంటూ ఏటా ఫెయిలయ్యే కారు వేరే సంగతి. టైరులో తీగలు బయటపడి 'డేంజరస్' అని ఫెయిలైతే ఇంకా ఘోరం, అంతవరకూ దాన్నే నడిపారని అర్థం.

లెస్టర్_తెలుగు:
పైన చెప్పినదంతా ఒప్పుకుంటాను. మైళ్ల సంగతి కూడా చూడండి. ఏడాదికి పదివేలు తిరిగిన ఫియెస్టా 2021 నుంచి రెండు మూడు వేలకు పడిపోయింది. తక్కువ తిరిగింది కదా అని మురిసిపోకండి. ఈ ఇంజనుకి అదే చేటు.

1.0 ఎకోబూస్ట్‌లో ఆ ఏడాది టైమింగ్ బెల్ట్ ఆయిల్‌లోనే తిరుగుతుంది. చిన్న చిన్న ట్రిప్పుల్లో ఇంజను పూర్తిగా వేడెక్కక పెట్రోలు ఆయిల్‌లోకి దిగుతుంది. ఆ ఆయిల్‌లో నానుతూ బెల్ట్ అంచులు రాలతాయి, ముక్కలు ఆయిల్ పంపు జాలీకి అడ్డుపడతాయి, ప్రెషరు పడిపోతే ఇంజను పోతుంది. ఫోర్డ్ మొదట చెప్పిన గడువు 10 ఏళ్లు లేదా 1,50,000 మైళ్లు. మైళ్ల లెక్కన బోలెడు ఉన్నట్టే అనిపిస్తుంది, వయసు లెక్కన గడువు వచ్చేసింది.

ఇవేవీ ఎంఓటీలో రావు. ఇంజను లోపలి భాగాలు, క్లచ్, గేర్‌బాక్సు ఆ పరీక్షలో లేవు. కాబట్టి సర్వీసు బిల్లుల్లో ఏటా ఆయిల్ మార్చారా, ఆయిల్ మీద డబ్ల్యూఎస్ఎస్-ఎం2సి948-బి అన్న ఫోర్డ్ స్పెసిఫికేషన్ ఉందా అని చూడండి. స్టాంపు కొట్టిన సర్వీసు పుస్తకం కంటే ఆయిల్ పేరు రాసిన బిల్లు నయం. యారిస్ 1.33కి బెల్ట్ బదులు చెయిన్, ఆ దిగులు లేదు.

గోదారిగట్టు:
మన దగ్గర సొంత కారుకి మొదటి 15 ఏళ్లు ఫిట్‌నెస్ పరీక్షే ఉండదు, అందుకే ఇంత వివరంగా చరిత్ర దొరికితే ఇదే సర్వస్వం అనిపిస్తుంది. కానీ ఫైనాన్స్ బాకీ ఉందా, యాక్సిడెంటులో ఇన్సూరెన్సు వాళ్లు క్యాట్ ఎస్ (చట్రం దెబ్బతిన్నది), క్యాట్ ఎన్ (చట్రం కాక మిగతావి దెబ్బతిన్నది) అని రాసేశారా అన్నవి ఇందులో కనిపించవు. వాటికి డబ్బు కట్టి చేయించే చెక్ వేరే ఉంది, అది మానొద్దు. తీరని సేఫ్టీ రీకాల్ ఉంటే మాత్రం అదే సైట్ చూపిస్తుంది.

కొత్త_డ్రైవరు:
ఫియెస్టా ఆయన 2023 మార్చి బిల్లు పంపాడు: ముందు ఆర్మ్‌లు రెండూ మార్చారు. బ్రేక్ పైపుకి బిల్లు లేదు. ఆయిల్ బిల్లులు రెండే, 2019, 2022.

పానా_12:
ఆర్మ్‌తో పాటే బుష్ కూడా మారుతుంది, కాబట్టి ఆ అడ్వైజరీ పోవడం సబబే. పైపు ఒక్కటే అయితే ధర తగ్గించుకుని మార్పించుకోమనేవాణ్ని. 2022 తర్వాత ఆయిల్ మార్చని ఆ బెల్ట్ ఇంజను మాత్రం తీసుకోకండి, బెల్ట్ మార్చే ఖర్చుకి పాడైన పంపు ఖర్చు కూడా కలవొచ్చు. యారిస్ చూడ్డానికి వెళ్లేముందు, మీరు వచ్చేదాకా ఇంజను స్టార్ట్ చేయొద్దని ఫోన్ చేసి చెప్పండి. చల్లగా ఉన్నప్పుడు స్టార్ట్ చేసి చెయిన్ గలగల వింటారా, వెనకాల పొగ చూస్తారా, అప్పుడే తెలుస్తుంది. ఎగ్జాస్ట్ జాయింట్ల దగ్గర నల్లటి మసి ఉందేమో కూడా చూడండి, ఉంటే అక్కడ పొగ లీకవుతున్నట్టే.