నాన్న దాచిన రైల్వే వెండి నాణెం, అమ్మ చింతపండు... ఇప్పుడేం చేయాలి?

కాజీపేట_పోరడు:

అందరికీ నమస్తే. నాణేల గురించి నాకు పెద్దగా తెలియదు, తెలివితక్కువగా అడిగితే ఏమనుకోకండి. మా నాన్న రైల్వేలో పనిచేసి రిటైరయ్యారు. 2003లో మన రైల్వేకి 150 ఏళ్ళు నిండినప్పుడు వచ్చిన ప్రూఫ్ సెట్ తెప్పించుకుని బీరువాలో భద్రంగా పెట్టుకున్నారు, అందులో 100 రూపాయల వెండి నాణెం ఒకటి, 2 రూపాయల మామూలు నాణెం ఒకటి, వాటి మీద గార్డు వేషంలో దీపం పట్టుకున్న భోలు ఏనుగు, రైల్వే వాళ్ళ మస్కట్ బొమ్మ. నాన్న పోయి ఏడాదైంది. మొన్న బీరువా సర్దుతుంటే సెట్టు బయటపడింది, వెండిది కాస్త నల్లబడిందని అమ్మ దాన్ని డబ్బాలోంచి తీసి, నేను చూసేలోపే పూజ సామానుతో కలిపి చింతపండు పెట్టి తోమేసింది. ఇప్పుడు తళతళలాడుతోంది కానీ లైటు కింద పెడితే ఒంటినిండా సన్నని గీతలు.

దీన్ని మళ్ళీ మామూలుగా చేసే మార్గం ఏమైనా ఉందా? ఇంకోటి, ఆయన గుర్తుగా రైళ్ళు, కట్టడాలు ఉన్న వెండి నాణేలు కొన్ని పోగేద్దామని ఉంది. ఒక షాపులో అడిగితే కొత్త పార్లమెంటు నాణెం చూపించి ప్యూర్ సిల్వర్ సార్ అంటూ ఒక రేటు చెప్పాడు, గుండె ఆగినంత పనైంది. నమ్మొచ్చా?

మింట్‌మార్క్:

అయ్యో. చెప్పడానికి బాధగానే ఉంది గానీ ఆ గీతలు పోవు తమ్ముడూ. ప్రూఫ్ నాణెం అంటే అచ్చును అద్దంలా పాలిష్ చేసి, ఒకటికి రెండుసార్లు కొట్టి తీసేది, దాని అందమంతా బొమ్మ చుట్టూ అద్దంలా మెరిసే ఆ ఖాళీ భాగంలోనే ఉంటుంది, ఒక్కసారి పీచు తగిలిందంటే అంతే. ఎవరన్నా దాన్ని టూత్‌పేస్టుతో మెరిపించవచ్చని చెబితే దండం పెట్టి పంపించండి. మిగిలిన తడి, పులుపు పోయేలా డిస్టిల్డ్ వాటర్‌లో ముంచి తీసి, తుడవకుండా మెత్తని గుడ్డ మీద ఆరనిచ్చి, మళ్ళీ డబ్బాలో పెట్టేయండి. అమ్మేది కాదు కదా, మీ నాన్నగారిది, ఇంకేం కావాలి.

షాపువాడి మాట మాత్రం అబద్ధం. పార్లమెంటు నాణెం 2023 మేలో వచ్చింది, 75 రూపాయలది, 35 గ్రాములు, 44 మిల్లీమీటర్లు. అందులో వెండి సగమే, 40 శాతం రాగి, నికెల్ 5, జింకు 5. మీ భోలు నాణెం కూడా ఇదే మిశ్రమం. అంటే చేతిలో 35 గ్రాముల బరువున్నా వెండి పదిహేడున్నర గ్రాములే. ఆ రోజు వెండి రేటుతో గుణించుకుని, పైన ఎంత ఇస్తున్నారో మీరే లెక్కేసుకోండి. ఎన్టీఆర్ 100 రూపాయల నాణెం విడుదలైనప్పుడు నేనూ ఎగబడి కొన్నా, అదీ ఇదే సగం వెండి, కొట్టింది మన హైదరాబాద్ మింట్‌లోనే.

కట్టడాలే కావాలంటే తంజావూరు బృహదీశ్వరాలయానికి వెయ్యేళ్ళు నిండినందుకు తెచ్చిన 1000 రూపాయల నాణెం చూడండి. అదీ 35 గ్రాములే కానీ వెండి 80 శాతం. మన చట్టం ప్రకారం 1000 రూపాయల కంటే పెద్ద నాణెం వేయకూడదు, కాబట్టి అంకెల్లో అదే గరిష్ఠం. ఇవేవీ చెలామణికి కాదు, షాపుల్లో కాకుండా నేరుగా కావాలంటే మింట్ సంస్థ సైట్‌లో బుకింగ్ పెట్టినప్పుడే కొనుక్కోవాలి.

పాతరూపాయి:

పైన అన్న చెప్పినవి కొత్తవి. వరంగల్ మనిషి కట్టడాల నాణేలు వెతుకుతూ చార్మినార్ రూపాయిని వదిలేస్తే ఎట్లా? మా నాయనమ్మ బ్రిటిష్ రూపాయిని కల్దార్ అనేది, నిజాం రూపాయిని హాలీ సిక్కా అనేది, రెండూ ఒకటి కాదురా అని కోప్పడేది. మహబూబ్ అలీ ఖాన్ కాలంలో మిషన్ మీద కొట్టడం మొదలయ్యాక చార్మినార్ బొమ్మ వచ్చింది. బరువు 11.18 గ్రాములు, వెండి 81.8 శాతం, అంటే 9 గ్రాముల పైచిలుకు. మధ్య దర్వాజాలో చిన్న ఉర్దూ అక్షరం ఉంటుంది, భూతద్దంతో చూడండి. మీమ్ ఉంటే మహబూబ్, ఐన్ ఉంటే ఆయన కొడుకు ఉస్మాన్ అలీ ఖాన్. ఉస్మాన్ తొలి ఏళ్ళ నాణేల్లో ఆ ఐన్ నిండుగా ఉన్నవి, సగమే ఉన్నవి రెండు రకాలున్నాయి, మావాళ్ళు గంటలు గంటలు కొట్టుకునేది దాని మీదే. అంత సొంత రైల్వే ఉన్న నిజాం నాణెం మీద ఒక్క ఇంజను కూడా వేయించుకోలేదు, అది నాకు ఇప్పటికీ వెలితి.

నకిలీలు బాగా తిరుగుతున్నాయి. అయస్కాంతం నమ్ముకోకండి, పోత పోసిన ఇత్తడికీ అది అంటదు. ఇంట్లో చిన్న డిజిటల్ తక్కెడ ఉంటే, దాని మీద గ్లాసు నీళ్ళు పెట్టి సున్నాకి తెచ్చి, నాణేన్ని సన్నని దారంతో కట్టి అడుగు తగలకుండా నీళ్ళలోకి దింపండి. అప్పుడు తక్కెడ చూపించేది నాణెం పక్కకి తోసిన నీళ్ళ బరువే, అసలైన రూపాయికి 1.1 గ్రాము దగ్గర చూపిస్తుంది. అదే బరువున్న ఇత్తడైతే 1.3 దాకా పోతుంది. నేను మొదట్లో ఒక సంతలో నాలుగు కొన్నా, ఇంటికొచ్చి ఇలా తూస్తే మూడు దొంగవి.

ఫ్రాంక్‌ఫర్ట్_వదిన:

రైళ్ళంటే మా వైపు కూడా చూడండి. జర్మనీలో రైలు మొదలై 175 ఏళ్ళు అయినప్పుడు, 2010లో 10 యూరోల నాణెం వేశారు, 18 గ్రాములు, 92.5 శాతం వెండి. అప్పట్లో మామూలు రకాన్ని ముఖ విలువకే ఇచ్చేవాళ్ళు, మా ఆయన ఏదో చిల్లర తెచ్చినట్టు జేబులో వేసుకొచ్చాడు. తర్వాతి ఏడాది నుంచి మామూలు వాటిలో వెండి తీసేశారు, కాబట్టి కొనేముందు సంవత్సరం చూసుకోవాలి. ఆస్ట్రియా వాళ్ళది ఇంకా ముద్దుగా ఉంటుంది, సెమ్మరింగ్ కొండ రైలు కోసం 2004లో వేసిన 25 యూరోలది, చుట్టూ వెండి, మధ్యలో నియోబియం అనే లోహం ఆకుపచ్చగా. ఫోటోల్లో రంగు వేసినట్టుంది, చేతిలో పట్టుకుంటే కాదని తెలుస్తుంది.

అమ్మగారిని మాత్రం ఏమనకండి బాబూ, మా అత్తగారు విభూతితో తోమారు.

కాజీపేట_పోరడు:

అందరికీ చాలా థ్యాంక్స్. అమ్మను ఏమీ అనలేదు వదినగారూ, అనే ధైర్యం లేదు. భోలును డిస్టిల్డ్ వాటర్‌లో ముంచి డబ్బాలో పెట్టేశా.

పాతరూపాయి అన్న రాసింది చదివి వినిపిస్తుంటే అమ్మ లేచి పూజ గదిలోకి వెళ్ళి, వరలక్ష్మీ వ్రతానికి కలశంలో వేసే రూపాయి తెచ్చి ఇచ్చింది, వాళ్ళమ్మ పెళ్ళికి ఇచ్చిందట. చార్మినారే! నీళ్ళలో తూస్తే 1.08 వచ్చింది. కానీ ఎన్నేళ్ళ చింతపండో ఏమో, దర్వాజా నున్నగా అరిగిపోయింది, లోపల ఉన్నది మీమో ఐనో భూతద్దంలో కూడా తేలట్లేదు. వెనక వైపు సంవత్సరం కొద్దిగా కనిపిస్తోంది, రేపు పగటి వెలుతురులో ఫోటో తీసి పెడతా, అన్నా నువ్వే చదివి చెప్పాలి.