తెలుగు ఫైలు పేర్లు విండోస్‌లో బాగానే ఉన్నాయి, ఉబుంటులోకి ఎక్కడం లేదు

బుర్రకథ_అబ్బాయి:
నమస్కారం. మా బాబాయి దళం చెప్పిన బుర్రకథల వీడియోలన్నీ ఒక 2 టీబీ ఎక్స్‌టర్నల్ హార్డ్ డిస్కులో ఉన్నాయి, అది ఎన్‌టీఎఫ్‌ఎస్ (విండోస్ వాడే డిస్కు ఫార్మాట్). విండోస్‌లో అన్నీ తెరుచుకుంటాయి. నా ఉబుంటు (లినక్స్) ల్యాప్‌టాప్‌లోకి కాపీ చేస్తుంటే కొన్ని మాత్రం 'ఫైలు పేరు మరీ పొడవు' అని ఆగిపోతున్నాయి. బాబాయి పేరులోనే చరిత్రంతా రాస్తారు. ఉదాహరణకి ఇది:
తెనాలి రామాలయం తిరునాళ్లు బొబ్బిలి యుద్ధం రెండో రాత్రి మైకు మధ్యలో ఆగింది తర్వాత కరెంటు వచ్చింది
చివర ఎంపీ4 ఎక్స్‌టెన్షన్. చెల్లి మ్యాక్‌బుక్‌కి పెడితే చూడటానికి వస్తాయి, ఎడిట్ చేసినవి తిరిగి అందులో సేవ్ కావు. 64 జీబీ పెన్ డ్రైవ్ ఖాళీగానే ఉన్నా 6 జీబీ వీడియో పట్టడం లేదు. డిస్కు పోయిందేమో అని టెన్షన్‌గా ఉంది.

కీబోర్డు_పంతులు:
డిస్కుకి ఏమీ కాలేదు బాబూ. ఇవి మూడు వేర్వేరు గొడవలు.

పెన్ డ్రైవ్ ఫ్యాట్32 అనే పాత ఫార్మాట్ అయి ఉంటుంది. అందులో ఒక్కో ఫైలు 4 జీబీ లోపే ఉండాలి, ఖాళీ ఎంతున్నా సరే. మ్యాక్ సంగతికొస్తే, అది ఎన్‌టీఎఫ్‌ఎస్‌ని చదువుతుంది, రాయదు. రాయాలంటే విడిగా సాఫ్ట్‌వేర్ వేసుకోవాలి.

అసలు తమాషా పేర్లలో ఉంది. ఎన్‌టీఎఫ్‌ఎస్ పేరుకి 255 యూనిట్లు ఇస్తుంది, తెలుగులో గుణింతం గుర్తూ పొల్లూ అన్నీ తలా ఒకటి. ఉబుంటు వాడే ఎక్స్‌టీ4 ఫార్మాట్ కూడా 255 అనే అంటుంది, కానీ అవి బైట్లు. అక్షరాలను బైట్లుగా దాచే యూటీఎఫ్-8 పద్ధతిలో ఇంగ్లిష్ అక్షరానికి ఒక బైటు చాలు, మనవాటికి తలా మూడు. 'స్త్రీ' అని ఒక్క అక్షరం రాస్తే లోపల ఆరు ముక్కలు, 18 బైట్లు! ఈ కొలత పెట్టినవాళ్లు తెలుగులో ఒక్క ఫైలు పేరైనా రాసి చూసి ఉండరు.

మీరిచ్చిన ఫైలు పేరే లెక్కేశాను. ఎక్స్‌టెన్షన్‌తో కలిపి విండోస్‌కి 100 యూనిట్లు, ఉబుంటుకి 268 బైట్లు. చివరి 'వచ్చింది' తీసేస్తే 243కి దిగుతుంది, ఎక్కేస్తుంది. పేర్లు విండోస్‌లోనే తగ్గించండి. కానీ ముందు పాత పేర్లన్నీ ఒక ఎక్సెల్ షీటులో రాసి పెట్టుకోండి. కరెంటు ఎప్పుడొచ్చిందో రేపు ఎవరికైనా కావాలి కదా.

డిస్కు మూడు సిస్టమ్‌లకీ తిప్పాలంటే ఎక్స్‌ఫ్యాట్ అనే ఫార్మాట్ పెట్టాలి. విండోస్, మ్యాక్ రెండూ రాస్తాయి. లినక్స్‌లో 5.4 కెర్నెల్ (దాని మూల భాగం) నుంచి లోపలే ఉంది, మైక్రోసాఫ్ట్ 2019లో దాని వివరాలు బయటపెట్టాక వచ్చింది. ఫార్మాట్ చేస్తే డిస్కులో ఉన్నదంతా పోతుంది, కాబట్టి ముందు ఇంకో చోటికి కాపీ.

లినక్స్_లచ్చి:
పంతులుగారూ, ఎక్స్‌ఫ్యాట్‌కి జర్నలింగ్ (చేయబోయే మార్పులను ముందే రాసిపెట్టుకోవడం) లేదండీ. రాస్తుండగా కేబుల్ ఊడితే ఎన్‌టీఎఫ్‌ఎస్ చాలావరకు సర్దుకుంటుంది, ఇది సర్దుకోదు. ఒక్కటే కాపీ ఉన్న పాత రికార్డింగులకి అదెలా చెప్తారు? ఉబుంటు ఎన్‌టీఎఫ్‌ఎస్‌లో హాయిగా రాస్తుంది.

కీబోర్డు_పంతులు:
మ్యాక్ లేకపోతే నేనూ ఎన్‌టీఎఫ్‌ఎస్ అనేవాణ్ణే. చెల్లెలి ఎడిటింగ్ ఎలా ఆపుతాం? అసలు కాపీ ఎన్‌టీఎఫ్‌ఎస్ డిస్కులోనే బాబాయి ఇంట్లో ఉండాలి. ఊళ్లు తిరిగేది ఎక్స్‌ఫ్యాట్ నకలు. ఎజెక్ట్ కొట్టకుండా పీకడం మాత్రం మానాలి.

డబ్బింగ్_రాజు:
ఇంకో ముక్క. చెల్లి దగ్గర హెచ్‌ఎఫ్‌ఎస్ ప్లస్ ఫార్మాట్‌లో పాత మ్యాక్ డిస్కు ఉంటే 'మైకు' ఉన్న ఫైళ్లు ఉబుంటుకి వచ్చాక రెండేసి కనిపించొచ్చు. ఆ ఫార్మాట్ ఐత్వాన్ని రెండు ముక్కలుగా విడగొట్టి దాస్తుంది. కంటికి తేడా తెలియదు, లినక్స్‌కి మాత్రం అవి రెండు వేరే పేర్లు. కన్వ్‌ఎంవీ అనే టూల్‌తో విడిపోయిన పేర్లను ఎన్‌ఎఫ్‌సీ (ముక్కలు కలిపిన) రూపానికి మార్చుకోవచ్చు. మ్యాక్ నుంచి వచ్చిన డిస్కులో చుక్క, అండర్‌స్కోర్‌తో మొదలయ్యే చిన్న ఫైళ్లు కనిపిస్తే అవి వీడియోలు కావు, కంగారు పడకండి.

బుర్రకథ_అబ్బాయి:
థాంక్సండీ అందరికీ. బాబాయిని అడిగితే పేర్లు కుదించడానికి ససేమిరా అన్నారు, షీటు చూపించాక ఒప్పుకున్నారు. ఇంకో డౌటు: కొన్నిటికి ఉబుంటులో నేనే 'గెలిచింది ఎవరు?' అని ప్రశ్నార్థకంతో పేర్లు పెట్టాను. అవి ఎక్స్‌ఫ్యాట్‌కి వెళ్తాయా?

లినక్స్_లచ్చి:
వెళ్లవు. ప్రశ్నార్థకం, కోలన్, నక్షత్రం గుర్తు విండోస్ పేర్లలోనూ ఎక్స్‌ఫ్యాట్‌లోనూ కుదరవు. ముందు అవి తీసేసి, తర్వాత కాపీ పెట్టండి.